అగళి ఆస్తి: కాగితం ఒకచోట, నీళ్ళు ఒకచోట

అగళి మండలంలో ఒక రైతు కుటుంబానికి ఎంత ఆస్తి ఉందో తెలుసుకోవాలంటే మూడు చోట్ల అడగాలి. తహసీల్దార్ కార్యాలయంలో అడిగితే సర్వే నంబరు, విస్తీర్ణం చెబుతారు. ఆ నంబరు మీద ఉన్న పేరు చాలాసార్లు కాలం చేసినవాళ్ళది. పంచాయతీలో అడిగితే ఇంటి పన్ను రసీదు చూపిస్తారు. పన్ను కట్టినట్టు అది సాక్ష్యమే గానీ ఇల్లు ఎవరిదో తేల్చే పత్రం కాదు. పక్క చేనాయన్ని అడిగితే మాత్రం ఒక్క ముక్కలో తేల్చేస్తాడు: వాళ్ళ బోరులో ఎన్ని ఇంచుల నీళ్ళు పడుతున్నాయో చెబుతాడు. ఆ ఊళ్ళో పిల్లనిచ్చేవాళ్ళూ అప్పిచ్చేవాళ్ళూ నమ్మేది ఈ మూడో జవాబునే.

గత పదేళ్ళలో ఈ రాష్ట్రంలో భూమి పేరిట నడిచిన రాజకీయమంతా మొదటి జవాబు చుట్టూనే తిరిగింది. హద్దులు కొత్తగా కొలిచారు, పాసుబుక్కు అట్ట మీద ఎవరి బొమ్మ ఉండాలో కొట్లాడుకున్నారు, ఒక చట్టం తెచ్చారు, ఎన్నికలయ్యాక దాన్ని రద్దు చేశారు. ఇంతలో ఊళ్ళో ఇంటికి పత్రం రాలేదు, చనిపోయిన తాత పేరు వన్ బీ హక్కుల రిజిస్టరు నుంచి కదల్లేదు, బోరు మాత్రం వెయ్యి అడుగుల దాకా దిగింది. పేదవాడి ఆస్తిని పెంచడమే ప్రభుత్వం ఉద్దేశమైతే, అది కొలత గొలుసు పట్టుకుని మొదలెట్టిన చోటే తప్పు. కొలతకు ముందు వారసత్వం తేలాలి, చేనుకు ముందు ఇల్లు తేలాలి, ఈ రెంటితో పాటే భూమి కింది నీళ్ళకు లెక్క ఉండాలి. ఈ మాట ఏ జిల్లాకైనా వర్తిస్తుంది. కాకపోతే అగళిలో అది చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

శ్రీ సత్యసాయి జిల్లా పడమటి అంచున, కర్ణాటకలోకి చొచ్చుకుపోయినట్టుండే మండలమిది. 2022 ఏప్రిల్ 4న అనంతపురం నుంచి విడిపోయి కొత్త జిల్లా ఏర్పడ్డాక కలెక్టరు కార్యాలయం పుట్టపర్తికి మారింది. అగళి నుంచి చూస్తే పుట్టపర్తి కంటే తుమకూరు జిల్లాలోని శిరా ఎంతో దగ్గర. ఆస్పత్రికి, సంతకు, వక్క అమ్మకానికి, బెంగళూరు బస్సుకు జనం అటే పోతారు. మడకశిర, గుడిబండ, రొళ్ల, అమరాపురం, అగళి కలిసిన ఈ పాత తాలూకాలో ఇళ్ళలో వినిపించేది ఎక్కువగా కన్నడమే. కన్నడ మాధ్యమం బడులు ఇప్పటికీ ఉన్నాయి. పాసుబుక్కు మాత్రం తెలుగులో వస్తుంది. కన్నడ బడిలో చదువుకున్న పెద్దాయన తన భూమి కాగితాన్ని మరొకరితో చదివించుకుంటాడు. ఇదేమంత చిన్న విషయం కాదు. చదవలేని కాగితంలో తప్పు దొర్లితే అది తప్పని తెలియడానికే ఏళ్ళు పడుతుంది.

ఇల్లు సంగతి ముందు చూద్దాం. ఈ ప్రాంతం పాత ఊళ్ళలో రాతి గోడల మట్టి మిద్దెలు ఇంకా నిలబడే ఉన్నాయి. దూలాల మీద దంతెలు, వాటి మీద కంప, ఆకు, ఆపైన మట్టి, అన్నిటికంటే పైన సౌడు. సౌడు సరిగ్గా పరిస్తే వాన చుక్క లోపలికి దిగదు. అయితే ఏటా తొలకరికి ముందు మిద్దెక్కి కొత్త సౌడు పోయాలి, గడ్డి మొలిస్తే పీకాలి, నీళ్ళు పోయే దోనె చూసుకోవాలి. ఇంట్లో వయసున్నవాళ్ళంతా బెంగళూరులో కూలికో, తుమకూరు దగ్గర ఫ్యాక్టరీల్లో షిఫ్టులకో పోతే ఆ పని చేసేవాళ్ళుండరు. రెండు మూడు వానాకాలాలు అలా గడిస్తే మిద్దె కూర్చుంటుంది. 2021 నవంబరు వానల్లో, మరుసటేడు వచ్చిన వరదల్లో ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఎండిన చెరువులు అలుగు పారాయని అంతా సంతోషించాం. మట్టి గోడల ఇళ్ళలో ఉన్నవాళ్ళకు అవే వానలు వేరే కథ.

కూలిన మిద్దెను పడగొట్టి కట్టుకోవాలంటే డబ్బు కావాలి. బ్యాంకుకు పోతే ఇంటి దస్తావేజు అడుగుతారు. అది ఉండదు. ఊరు కట్టిన నేల గ్రామకంఠం. రెవెన్యూ పటంలో ఊరంతా కలిపి ఒకటే నంబరు, చుట్టూ ఒకటే గీత. లోపల ఎవరి ఇల్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ప్రభుత్వం ఎన్నడూ రాసుకోలేదు, ఎందుకంటే వలస పాలకులకు కావలసింది శిస్తు. శిస్తు పండేది చేలో, ఇంట్లో కాదు. అన్నదమ్ములు విడిపోయినప్పుడు నడిమింట్లో గోడ లేస్తుంది, పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద నాలుగు సంతకాలు పడతాయి, ఆ కాగితం ట్రంకు పెట్టెలో ఉంటుంది. మూడు తరాలు గడిచేసరికి కాగితం చెదలకు, గోడ తగవుకు.

దీన్ని సరిచేయడానికే కేంద్రం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం ప్రకటించింది. డ్రోన్లతో ఊళ్ళను ఫోటో తీసి, ఇంటింటికీ హద్దు గీసి, ఆస్తి కార్డు ఇవ్వడం దాని పని. 2025 జనవరి 18న దేశవ్యాప్తంగా ఒక్కరోజే 65 లక్షల కార్డులు పంచినట్టు ప్రకటించారు. ఆలోచన మంచిదే. కానీ డ్రోనుకు కనిపించేది పైకప్పు. ఒకే కప్పు కింద ఇద్దరు అన్నదమ్ముల కాపురాలు, పుట్టింటికి తిరిగొచ్చిన అక్క గది, ఎవరిదో తేలని పశువుల కొట్టం ఉంటే ఆకాశం నుంచి ఏం తెలుస్తుంది? అక్కడ కావలసింది నేల మీద నిలబడి అందరినీ పిలిచి అడిగే మనిషి. 2019 అక్టోబరు 2 నుంచి ప్రతి గ్రామ సచివాలయానికీ ఒక సర్వేయరును ఇచ్చిన రాష్ట్రం మనది. ఆ మనిషి ఉన్నాడు. అతని చేత చేయిస్తున్న పనుల వరసలో ఇల్లు చివర ఉంది.

ఇల్లు లేనివాళ్ళ దారి వేరు. 2020 డిసెంబరులో పల్లెల్లో సెంటున్నర చొప్పున ఆడవాళ్ళ పేరిట స్థలాలిచ్చారు. ఆడవాళ్ళ పేరు మీద ఇవ్వడం గొప్ప నిర్ణయమే, కొలతే చిన్నది. సెంటున్నర అంటే 72.6 చదరపు గజాలు. ఆవును ఎక్కడ కట్టాలి, మల్బరీ ఆకు ఎక్కడ పోయాలి, వక్కలు ఎక్కడ ఆరబెట్టాలి? పల్లెలో ఇల్లంటే పడుకునే గది మాత్రమే కాదు, పని చేసుకునే చోటు కూడా. ఇప్పటి ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లంటోంది. పట్నం లేఅవుట్ల లెక్కతో పల్లె ఇల్లు గీసిన తప్పు ఆలస్యంగానైనా కాస్త దిద్దుకున్నట్టే.

ఇక చేను. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ధారపోశాడు. దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడే ఉండి రైత్వారీకి పునాది వేశాడు. ప్రతి రైతుకూ సర్కారుతో నేరుగా లెక్క. ఆ లెక్క నడిపేది ఊళ్ళో కరణం. తర్వాత రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లు రాసినప్పుడు పట్టాదారు పేరు తేలని చోట గడిలో చుక్కలు పెట్టారు. నూరేళ్ళు గడిచాక ఆ చుక్కలే రైతుల మెడకు చుట్టుకున్నాయి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింద నిషేధ జాబితాలో చేరి, తరతరాలుగా దున్నుతున్న భూమి అమ్మకానికీ తనఖాకూ పనికిరాకుండా పోయింది. 2017లో చుక్కల భూముల చట్టం వచ్చింది. 2023 మే నెలలో కావలి సభలో రెండు లక్షలకు పైగా ఎకరాలకు విముక్తి ప్రకటించారు. గుమాస్తా కలం పెట్టిన చుక్కను చెరపడానికి శాసనసభ కూర్చోవలసి వచ్చిందంటే, మన భూమి రికార్డు ఎంత బలమైనదో, అంతే గుడ్డిదో అర్థమవుతుంది.

ఇందులో మరో మలుపు 1984. ఆ ఏడాది జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబుల వ్యవస్థను ఆర్డినెన్సుతో ఎత్తేసింది. ఊరి మీద కొన్ని కుటుంబాల పెత్తనం పోవలసిందే, పోయింది. కానీ ఆ కుటుంబాల అటకల మీది దస్తరాలు అన్నీ తాలూకా కచేరీకి చేరలేదు. ఎవరు ఎవరికి భాగమిచ్చారు, ఏ గట్టు ఎప్పుడు జరిగింది, ఏ ఇనాం ఎవరికి పోయింది అన్న జ్ఞాపకమంతా కరణంతో పాటే వెళ్ళిపోయింది. తర్వాత కంప్యూటర్లు వచ్చి వెబ్‌ల్యాండ్ అనే ఆన్‌లైన్ భూమి రికార్డు తయారైనప్పుడు, మిగిలిన కాగితాల్లో ఉన్నదే ఎక్కింది. తాత పేరుతోనే ఎక్కింది.

డి-పట్టాల భూముల కథ ఇంకా మెలికలు తిరిగింది. నిరుపేదలకు ఇచ్చిన భూమి చేతులు మారకూడదని 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం తెచ్చారు. ఉద్దేశం పవిత్రమైనదే. ఆచరణలో మాత్రం భూమి చేతులు మారింది, కాగితం మారలేదు. కూతురి పెళ్ళికో ఆస్పత్రికో అయిన అప్పు కింద చేను ఇంకొకరి సాగులోకి పోయింది, అడంగల్‌లో పేరు దళితుడిదే ఉండిపోయింది. 2023లో చట్టాన్ని సవరించి, ఇచ్చి ఇరవై ఏళ్ళు దాటిన భూములపై అసలు లబ్ధిదారులకు, వాళ్ళ వారసులకు పూర్తి హక్కు ఇచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక అక్రమాలు జరిగాయంటూ ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. అక్రమాలు జరిగిన మాట కొట్టిపారేయలేం. హక్కు రాగానే చౌకగా కొనేందుకు ముందే అడ్వాన్సులిచ్చి కాచుకున్నవాళ్ళు ప్రతి జిల్లాలో ఉన్నారు. అయితే వాళ్ళను పట్టుకోవాలని అందరి తలుపూ మూసేస్తే, సొంతంగా దున్నుకుంటున్న పేదవాడే బయట నిలబడతాడు.

2020 డిసెంబరు 21న మొదలైన రీసర్వే గురించి ఇప్పటికే కావలసినంత చర్చ జరిగింది. నూరేళ్ళ తర్వాత భూమిని మళ్ళీ కొలవడం అవసరమే, దాన్ని తప్పుపట్టేవాళ్ళతో నేను ఏకీభవించను. తొందరపాటు మాత్రం దెబ్బతీసింది. పలువురు రైతుల కమతాలను ఒకే ఎల్పీఎం (కమతం పటం) నంబరు కింద కలిపేశారు. విడివిడిగా సాగు చేసుకుంటున్నవాళ్ళు కాగితంలో ఉమ్మడి కుటుంబమయ్యారు. వాటి మీద వచ్చిన ఫిర్యాదులు వినడానికి 2024 డిసెంబరులో రెవెన్యూ సదస్సులు పెట్టవలసి వచ్చింది. 2025 మొదట్లో మండలానికో గ్రామం చొప్పున సర్వే మళ్ళీ మొదలైంది. మొదట్లో చెప్పిన ఆ చట్టం, భూహక్కు చట్టమైతే 2023 అక్టోబరు చివర అమల్లోకి వచ్చి, 2024 జూన్ 13న కొత్త ముఖ్యమంత్రి రద్దు ఫైలుపై సంతకం పెట్టేసరికి ఏడాది కూడా నిండలేదు. హక్కుకు ప్రభుత్వమే పూచీ పడే పద్ధతి 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో పుట్టింది. అక్కడ ప్రభుత్వమే కొత్తగా పంచిన భూములకు అది ఇమిడింది. తరతరాల నోటి మాట పంపకాలున్న ఊళ్ళో సివిల్ కోర్టు తలుపు మూసి అదే పద్ధతి పెడితే రైతు భయపడ్డాడంటే అందులో వింతేముంది?

ఇంత రాద్ధాంతంలోనూ ఎవరూ ఎత్తని ప్రశ్న ఒకటుంది. కొలత సరిగ్గా వచ్చి, పేరు సరిగ్గా ఎక్కి, క్యూఆర్ కోడున్న పాసుబుక్కు చేతికొస్తే అగళి రైతు ఆస్తి పెరిగినట్టేనా? ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు. వాన మీదే బతికే వేరుశనగ చేను ఎకరా, బోరున్న వక్క తోట ఎకరా పాసుబుక్కులో ఒకే వరుసలో ఒకేలా కనిపిస్తాయి. ఊళ్ళో వాటి మధ్య తేడా ఒక తరం చదువంత.

వక్క ఈ రాష్ట్రంలో చాలామందికి తెలియని పంట. కర్ణాటకలోని మలెనాడు నుంచి తుమకూరు మీదుగా ఇటు పాకింది. అగళి, అమరాపురం, రొళ్ల మండలాల్లో కొబ్బరితో కలిసి పచ్చగా నిలబడి, కరువు సీమ అన్న మాటను వెక్కిరిస్తున్నట్టుంటుంది. మొక్క నాటాక కాపుకు రావడానికి అయిదారేళ్ళు ఆగాలి, వచ్చాక దశాబ్దాల పాటు కాస్తుంది. అంటే వక్క తోట పంట కంటే ఎక్కువగా పెట్టుబడి. కాపుకు రాకముందే బోరు ఎండితే ఆ ఏళ్ళ కష్టం చెట్లతో పాటే మోడవుతుంది. కాపు మొదలయ్యాక ఎండితే ఇంకా ఘోరం, ఎందుకంటే అప్పటికి ఆ తోటను చూపించి అప్పులు తెచ్చి ఉంటారు. అందుకే పక్క పొలంలో రిగ్గు మోత వినిపిస్తే ఈ రైతుకు నిద్ర పట్టదు. మర్నాడు తనూ కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నీళ్ళ పాయింటు చూసేవాణ్ణి పిలుస్తాడు. తెచ్చిన అప్పు పాతాళంలోకి పోతుంది. ఒకరి బోరు ఇంకొకరి బోరును మింగుతుంది. (వక్కను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే చేర్చింది. గుట్కాపై ఆంక్షలు బిగిసిన ప్రతిసారీ ధర ఊగుతుంది. ఆ ముప్పు గురించి రైతుతో మాట్లాడే వ్యవసాయాధికారి నాకు ఇంతవరకు తగల్లేదు.)

ఈ బోర్ల పోటీకి చట్టం లేదా అంటే ఉంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, జనం నోట్లో వాల్టా. బోరు వేయాలంటే అనుమతి, బోరుకూ బోరుకూ దూరం, ఉన్న బోర్ల నమోదు అన్నీ అందులో ఉన్నాయి. ఇసుక లారీ పట్టుకున్నప్పుడు అధికారులకు ఈ చట్టం గుర్తొస్తుంది. రిగ్గు దిగినప్పుడు గుర్తురాదు. పైగా ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. భూమి పైన రాష్ట్రాల సరిహద్దు రాళ్ళున్నాయి, కింద బండ పగుళ్ళలో నీళ్ళకు ఆ రాళ్ళు లేవు. శిరా తాలూకాలో తోడితే అగళిలో దిగుతుంది, అగళిలో తోడితే శిరాలో దిగుతుంది. కేంద్రం 2019 డిసెంబరులో మొదలెట్టిన అటల్ భూజల్ యోజనలో ఏడు రాష్ట్రాలకు చోటు దక్కింది. అందులో కర్ణాటక ఉంది, ఆంధ్రప్రదేశ్ లేదు. ఒకే బావిలో ఒక పక్క లెక్క రాస్తూ, రెండో పక్క ఎవరిష్టం వాళ్ళు తోడుకోమన్నట్టుంది. ఉపరితల జలాల విషయంలోనూ అంతే. అటు కర్ణాటకలోని ఎగువ భద్ర ప్రాజెక్టుకు 2023–24 కేంద్ర బడ్జెట్‌లో రూ.5,300 కోట్లు ప్రకటించారు. ఇటు శ్రీశైలం నుంచి ఎత్తిపోసే హంద్రీ–నీవా నీటి కోసం మడకశిర బ్రాంచి కాలువ వైపు చూడాలి. వందల కిలోమీటర్లు ఎదురెక్కి వచ్చే ఆ కాలువ చివరి చెరువుల్లో మన చెరువు ఉందని రైతు మరచిపోడు.

నీళ్ళకూ ఆస్తికీ ఉన్న ఈ లంకెను ఇండొనేసియా మరో రకంగా చూస్తోంది. జావా ద్వీపం ఉత్తర తీరాన, సెమారాంగ్ నగరం పక్క దెమాక్ జిల్లాలో తింబుల్‌స్లోకో అనే ఊరుంది. ఒకప్పుడు అక్కడ వరి పండేది. మడ అడవులు కొట్టి రొయ్యల చెరువులు తవ్వారు. పక్క నగరంలో భూగర్భ జలాలను విపరీతంగా తోడేయడంతో నేలే కుంగింది, సముద్రం లోపలికొచ్చింది. ఊరివాళ్ళు ఇంటి నేలను ఏడాదికేడాది మెరక చేస్తూ పోతే కప్పు తలకు తగిలేలా అయింది, సొంత గుమ్మంలో వంగి నడుస్తున్నారు. ఆ దేశపు 1960 నాటి భూ చట్టం 27వ అధికరణంలో ఒక కఠినమైన మాట ఉంది: భూమి నశిస్తే దానిపై యాజమాన్య హక్కూ నశిస్తుంది. పత్రం చేతిలో ఉన్నా, చేను నీళ్ళ కింద ఉంటే అది మీది కాకుండా పోవచ్చు.

అక్కడి పల్లెల్లోనూ మన ఇంటి పన్ను రసీదు లాంటిదే ‘గిరిక్’ అనే పాత శిస్తు కాగితం తరతరాలుగా ఆస్తి పత్రంలా చలామణీ అయింది. 2017 నుంచి ఊరికి ఊరు ఒకేసారి నమోదు చేసే కార్యక్రమం పెట్టి, ఏటా లక్షల కొద్దీ సర్టిఫికెట్లు ఇచ్చారు. 2021లో తెచ్చిన నిబంధనలతో గిరిక్‌కు అయిదేళ్ళ గడువు పెట్టి, ఆ తర్వాత అది సాక్ష్యంగా చెల్లదన్నారు. రిజిస్ట్రీ విస్తరించిన వేగం చూసి మెచ్చుకోవచ్చు. దెమాక్ తీరాన మాత్రం కొత్త సర్టిఫికెట్టు నిలబెట్టుకోవడానికి నేలే మిగలడం లేదు. ఆ చట్టం కనీసం ఒక నిజాన్ని ఒప్పుకుంది: నీళ్ళు భూమిని ఏం చేస్తే హక్కు అదవుతుంది. మన పాసుబుక్కు ఆ నిజాన్ని కూడా ఒప్పుకోదు. బోరు ఎండి తోట మోడైనా అందులో ఒక్క అక్షరం మారదు, దాని మీద తెచ్చిన అప్పూ మారదు.

పేదల చేతిలో పత్రాల్లేని ఆస్తి మూలధనంగా మారక చచ్చుబడి ఉందని, పత్రమిస్తే అదే పెట్టుబడిగా కదులుతుందని పెరూ దేశపు ఆర్థికవేత్త హెర్నాండో డి సోటో 2000లో రాసిన పుస్తకం ప్రపంచ ప్రభుత్వాలన్నిటినీ ఊపేసింది. అగళి చుట్టుపక్కల చూస్తే ఆ సిద్ధాంతం సగమే నిలుస్తుంది. ఇక్కడ అవసరానికి బ్యాంకుకు పోయే ఆస్తి బంగారం. దానికి సర్వే నంబరు లేదు, వీఆర్వో సంతకం అక్కర్లేదు, తూకం వేసి గంటలో డబ్బిస్తారు. పెళ్ళిలో ఆడపిల్లకు పెట్టిన గొలుసు, బోరు వేసేటప్పుడు తాకట్టుకు పోతుంది. చాలా ఇళ్ళలో అది తిరిగి మెడలోకి రాదు. ఆ లెక్కన ఈ ప్రాంతపు బోర్లలో సగం ఆడవాళ్ళ సొత్తుతో తవ్వినవే అనాలి, పాసుబుక్కులో మాత్రం వాళ్ళ పేరుండదు. కౌలుదారుకైతే బంగారం తప్ప వేరే దారే లేదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద పదకొండు నెలల కార్డు కావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. బెంగళూరులో ఉన్న యజమానికైతే ఆ సంతకం కోసం ఊరికి రావడమే దండగ.

పత్రం ఎవరి చేతిలో ఉంటే మూలధనమవుతుందో ఈ జిల్లావాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2008–09 ప్రాంతంలో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరిట 8,800 ఎకరాలకు పైగా భూమి తీసుకున్నారు. ఉద్యోగాలొస్తాయన్నారు. హబ్ రాలేదు. ఆ భూమి మాత్రం బ్యాంకుల తాకట్టులోకి వెళ్ళి వందల కోట్ల అప్పుకు హామీ అయింది. రైతు దగ్గరున్నప్పుడు పంట రుణానికి నాలుగుసార్లు తిప్పిన నేల అది. ఇంకోవైపు, వ్యవసాయేతరులు సాగుభూమి కొనకూడదని కర్ణాటకలో ఉన్న ఆంక్షలు 2020 దాకా కొనసాగాయి. ఆంధ్రలో అవి లేవు. బెంగళూరు డబ్బుకు హిందూపురం, లేపాక్షి దారి కనిపించడానికి అదీ ఒక కారణం. కొనేవాడికి కాగితం శుభ్రంగా కావాలి. కాగితం చిక్కుల్లో ఉన్న కుటుంబం ఆ చిక్కు విప్పుకునే స్తోమత లేక తక్కువ ధరకే ఇచ్చేస్తుంది. రికార్డు తప్పుల వల్ల నష్టం ఎంతో కట్టే లెక్క ఏ శాఖ దగ్గరా లేదు గానీ, ఆ నష్టం ఎవరి జేబులో లాభమైందో ఊళ్ళో అందరికీ తెలుసు.

వీటన్నిటికీ మూలం ఎక్కడుందంటే, చనిపోయినవాళ్ళ పేర్ల దగ్గర. అన్నదాత సుఖీభవ అయినా, పంటల బీమా అయినా, రుణం రెన్యువల్ అయినా వెబ్‌ల్యాండ్‌లో పేరు, ఆధార్ కలవాలి. తాత పేరు మీద ఉన్న భూమిని నలుగురు మనవలు సాగు చేస్తుంటే ఆ నలుగురూ రైతులు కారు. వారసత్వ మార్పుకు దరఖాస్తు పెడితే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడుగుతారు, దానికి మరణ ధ్రువపత్రం కావాలి, ముప్పై ఏళ్ళ కింద చనిపోయిన మనిషికి అది ఎవరూ తీసుకుని ఉండరు. 2025లో రాష్ట్రం ఒక మంచి పని చేసింది. వీలునామా లేకుండా చనిపోయినవారి వారసుల మధ్య పంపకానికి సచివాలయంలోనే, రూ.10 లక్షల లోపు విలువైతే రూ.100, అంతకు మించితే రూ.1,000 రుసుముతో రిజిస్ట్రేషన్‌కు వీలిచ్చింది. ఈ ఒక్క నిర్ణయాన్ని నిష్ఠగా అమలు చేస్తే రీసర్వే కంటే ఎక్కువ తగవులు తీరతాయి. అయితే జనం వచ్చేదాకా కార్యాలయంలో కూర్చుంటే కుదరదు. వీఆర్వో, సర్వేయరు కలిసి వన్ బీ జాబితా పట్టుకుని వీధివీధికీ తిరిగి, బతికిలేని పేర్లన్నీ ముందు గుర్తించాలి. ఆ ఇంట్లోనే ఇంటి హద్దూ రాసుకోవాలి, బోరుంటే దాని లోతూ, ఎప్పుడు వేశారో రాసుకోవాలి. అప్పుడే కొలత గొలుసుకు అర్థం. ఆ వివరాలు మడకశిర నియోజకవర్గంలో కన్నడంలో కూడా చదివి వినిపించాలి. తెలుగు రాష్ట్రంలో కన్నడమా అని నొచ్చుకునేవాళ్ళు, బళ్ళారిలోని తెలుగు రైతు తన పహణీని ఏ భాషలో చదువుతున్నాడో ఒకసారి కనుక్కోవాలి.

పంపకం అనగానే వచ్చే అసలు పేచీ ఆడపిల్లల దగ్గర. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు నుంచే ఆంధ్రలో కూతురికి పిత్రార్జితంలో సమాన వాటా ఉంది. కర్ణాటకలో అది 1994లో వచ్చింది, దేశమంతటికీ 2005లో. 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో ఆ హక్కు పుట్టుకతోనే వచ్చేదని, తండ్రి బతికుండాలన్న షరతు లేదని తేల్చింది. అప్పటికే పెళ్ళయిపోయిన ఆడపిల్లలను మన 1985 సవరణ పక్కన పెడితే, 2005 చట్టం వాళ్ళనూ కలుపుకుంది. ఇక్కడి ఆడపడుచులు ఎంతోమంది శిరా, మధుగిరి, పావగడ వైపు కోడళ్ళుగా వెళ్ళారు. పండక్కి పుట్టింటికొస్తే చీర పెడతారు, వక్క తోట చూపిస్తారు. వాటా మాటెత్తితే ముఖాలు మాడతాయి. చాలామంది తమ్ముళ్ళతో పుట్టింటి దారి మూసుకుపోకూడదని వాళ్ళంతట వాళ్ళే ఊరుకుంటారు. అది వాళ్ళ ఇష్టం. ఇంకొందరికి మాత్రం తండ్రి పేరు మార్చే దరఖాస్తు పడిందనే తెలియదు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో కొడుకుల పేర్లు రాసి కూతుళ్ళను వదిలేసినా అడిగే నాథుడు ఊళ్ళో ఉండడు. అభ్యంతరాలుంటే చెప్పాలన్న నోటీసు అగళి సచివాలయం గోడకు అంటిస్తారు. అక్క కాపురం శిరాలో ఉంది. పేరు మార్చే ముందు ఆ నోటీసు శిరా చిరునామాకు, కన్నడంలో, రిజిస్టరు పోస్టులో పోవాలి. తపాలా ఖర్చు ఆ వంద రూపాయల రుసుములోనే సరిపోతుంది.